బువ్వ తిన్నాకే చెప్పిన నొప్పి

నా చెల్లెలు లక్ష్మీప్రసన్న గురించి చెప్పాలంటే నాకు ముందు కోపం వస్తుంది. అనంతపురం పాతూరులో మాది గుడ్డల అంగడి. అది డాక్టరైతే సొంత ఆసుపత్రి పెడుతుందని ఇంటిల్లిపాదీ కలలు కన్నాం. అదేమో పెద్ద ఆసుపత్రిలో చేరి, కుర్ర డాక్టర్లకు పాఠాలు చెప్తూ, నొప్పి మీద పరిశోధన అంటూ కూర్చుంది. మధ్యాహ్నం నేను మోసుకెళ్ళిన క్యారేజీ సాయంత్రానికి మూత తీయకుండానే ఇంటికొచ్చేది.

"కడుపు మాడ్చుకొని ఎవర్ని ఉద్ధరిస్తాండావు?" అంటే నవ్వేది. "టైము యాడుండాదన్నా."

దాని పరిశోధన నాకు అర్థమైనంతవరకు ఇది. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంతుందో రోగిని అడిగి రాసుకుంటారు. దాన్ని బట్టే మందు. డ్యూటీ మొదట్లో ఏడు చెప్పిన రోగికే, డ్యూటీ చివర అదే డాక్టరు రెండో మూడో రాస్తున్నాడు. కుర్రాళ్ళు అలసిపోయి, అడగకుండానే ఏదో గీకేస్తున్నారని ప్రసన్న తేల్చుకుంది.

ఒకరోజు నేను క్యారేజీతో వెళ్ళేసరికి ప్రసన్న, బయమ్మ అనే రోగి మంచం పక్కన కేశవ అనే కుర్ర డాక్టరును నిలబెట్టి కడిగేస్తోంది. బయమ్మది నల్లమాడ దగ్గర పల్లె. చెనిక్కాయ చేలల్లో వంగి వంగి బతికిన మనిషి. క్యాన్సరు ఎముకల్లోకి దిగింది. ఇక నయం కాదు. మిగిలిన నాలుగు రోజులు నొప్పి లేకుండా వెళ్ళనివ్వడం ఒక్కటే డాక్టర్ల చేతిలో ఉంది. కాగితం మీద నొప్పి రెండు. మనిషేమో మంచం పట్టెను పిడికిలి బిగించి పట్టుకొని ఉంది.

"అడిగినా మేడం, ఒట్టు. అవ్వే రెండంటాండాది," అన్నాడు కేశవ. వాడి కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

ప్రసన్న నమ్మలేదు. తనే వంగి అడిగింది. "అవ్వా, నొప్పి ఎంతుండాది?"

"రోంతేలేమ్మా, రెండని రాసుకో." బయమ్మ దాని ముఖంలోకి చూసింది. "బువ్వ తింటివా?"

"తర్వాత తింటాలేవ్వా."

"ఈ పిల్లోడూ తినలేదు. పొద్దున్నించీ ఒట్టి నీళ్ళతోనే తిరుగుతాండాడు."

నాకు ఒళ్ళు మండింది. మా సీమలో మనిషి ఎదురైతే మొదట అడిగేది ఆ మాటే. తినలేదంటే ముందు అన్నం, ఆ తర్వాతే కష్టసుఖాలు. ఆకలిగొన్నవాళ్ళ ముందు మన ఏడుపు పెట్టుకోకూడదని మా అవ్వ మమ్మల్ని ఎన్నిసార్లు తిట్టిందో. "పెద్దామె అడుగుతాంటే జవాబా అది? ఈడ కూచోని తినండి ఇద్దరూ," అని స్టూలు లాగి క్యారేజీ విప్పాను. కోపంతో చేసిన పని, అంతకుమించి ఏ ఆలోచనా లేదు.

రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి. కేశవ గోడవైపు తిరిగి గబగబా తిన్నాడు. బయమ్మ ఇద్దరూ ఆఖరి ముద్ద తినేదాకా చూసి, అడగకుండానే చెప్పింది.

"తొమ్మిదని రాసుకోమ్మా. తొడలో నిప్పులు పోసినట్టుండాది."

"మరి నాకెందుకు చెప్పలేదవ్వా?" అన్నాడు కేశవ.

"నువ్వే నిలబడలేక ఊగుతాంటివి నాయనా. నా బరువు గూడా నీ మీద యాడ ఎయ్యాల?"

మార్ఫిన్ పెంచారు. కాసేపటికి పట్టె మీది పిడికిలి వదులై బయమ్మ నిద్రపోయింది. ప్రసన్న ఎంగిలి చేత్తోనే కూర్చుండిపోయింది.

"తినకుండా పని చేసేది గొప్పనుకుంటినన్నా. పిల్లోళ్ళకూ అదే నేర్పితి. నా ముఖం చూసి ఎంతమంది నొప్పి మింగినారో."

ఒళ్ళంతా మంట పెట్టుకొని, మందివ్వాల్సిన వాడి మీదే జాలిపడిన ఆ ముసలమ్మకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఇట్లాంటి మనుషులుంటారా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

ప్రసన్న పరిశోధన అక్కడ దారి మళ్ళింది. పైవాళ్ళతో కొట్లాడి డ్యూటీ మధ్యలో భోజనానికి వేళ కుదిర్చింది. తిని, కాసేపు కూర్చొని, అప్పుడు రోగి దగ్గరికి పోవాలన్నది ఇప్పుడు దాని మొదటి పాఠం. క్యారేజీ ఖాళీగా ఇంటికొస్తోంది.

బయమ్మ ఎక్కువ రోజులు లేదు. చివరి రోజు పొద్దున కేశవ వస్తూనే, "తింటినవ్వా, ఇంగ చెప్పు," అన్నాడు. వాడి గడ్డానికి అంటిన ఊరిబిండి చూసి నమ్మింది.

"ఏం లేదు నాయనా, బాగుండా," అంది. ఈసారి ఆ మాట నిజమే.