మిగిలినదంటే ఒప్పుకోని ఆంటీ

మూడేళ్ళ కిందట, సింగపూరులోని యీషున్‌లో ఉంటూ, హోటళ్ళలో మిగిలిన తిండి చెత్తబుట్ట పాలు కాకుండా సగం ధరకు అమ్మిపెట్టే మొబైల్ యాప్ ఒకటి తయారుచేశాను. భూగోళాన్ని చొక్కా జేబులో వేసుకున్నవాడిలా తిరిగేవాణ్ణి. అందులో మొదట చేరింది మా బ్లాక్ కింద మెస్ నడిపే రాజ్యం ఆంటీ. వారం రోజులుగా ఆవిడ పొట్లం ఒక్కటీ మిగల్లేదు. ఆ ఘనత కళ్ళారా చూపిద్దామని కాలేజీలో చదివే మా అమ్మాయిని వెంటబెట్టుకు వెళ్ళాను.

వంటింట్లో ఆంటీ యాప్ ఆర్డర్ల కోసం వేడివేడి గారెలు వేయిస్తోంది. పక్కన, ఏనుగుకు స్నానం చేయించగలిగేంత గిన్నెలోంచి మధ్యాహ్నం పులిహోర చెత్తసంచిలోకి వెళ్తోంది!

“ఆంటీ, అమ్మాల్సింది ఆ పులిహోర కదండీ?”

“బాగుంది బాబూ! మిగిలింది వచ్చినవాళ్ళ చేతిలో పెడతామా? పరువు పోదూ?”

“నాన్నా, యువర్ యాప్ మేకింగ్ మోర్ వేస్ట్ లా!” అంది మా అమ్మాయి, అక్కడి ఇంగ్లీషు యాసలో. ఆ క్షణాన పులిహోరతోపాటు నేనూ సంచిలోకి దూకేవాణ్ణే, పట్టేట్టుంటే.

ఇంటికెళ్ళి యాప్‌లో ‘మిగిలినవి’ అనే మాట తీసేసి, ‘మీ కోసం ఉంచినవి’ అని రాశాను. మర్నాడు ఆంటీ తనే పులిహోర పొట్లాలు కట్టింది. “ఉంచింది పెట్టడానికి సిగ్గేముంది?” అంది.

ఆరు నెలలు రాసిన ప్రోగ్రాములో ఆవిడ అభిమానానికి చోటే ఉంచలేదని నాకు అప్పుడు తెలిసింది.