బాప్తిస్మానికి ఒక ట్యాంకు

2023 ఫిబ్రవరి. కెనడాలోని సస్కటూన్ శివార్లలో ద్రవాలు నిలవచేసే ట్యాంకులు అమ్మే కంపెనీలో నేను ఇంజనీర్‌ని. ఎవరికి ఏ ట్యాంకు సరిపోతుందో తేల్చడం నా పని. మా కస్టమర్లు చాలామంది రైతులు. ద్రవరూపంలో ఉండే ఎరువు నీళ్ళకన్నా బరువు కాబట్టి దానికి మందమైన గోడలు కావాలి. డీజిల్‌కి రెండు పొరల స్టీలు కావాలి. పెళ్ళిసంబంధాలు కుదిర్చేవాళ్ళలాగే మేమూ ముందు గుణం అడుగుతాం, ఆ తర్వాతే ఎత్తూ లావూ చూస్తాం.

ఒకరోజు దేవదానం అంకుల్ వచ్చారు. బాపట్ల వైపు మనిషి, ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద.

"వందనాలమ్మా రాధికా. మాకో ట్యాంకు కావాలి. మనిషి ఎత్తుండాలి. పైన కోసేసి ఇయ్యాలి."

"అందులో ఏం నింపుతారంకుల్?"

"నీళ్ళేనమ్మా. మనిషిని ముంచాలి."

నాకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు, విషయం చెప్పారు. సుగుణమ్మ ఆంటీ ఇక్కడే నర్సుగా పనిచేసే కూతురి దగ్గర ఉంటారు. చంటిపిల్లగా ఉన్నప్పుడు తలమీద నీళ్ళు చిలకరించి ఇచ్చిన బాప్తిస్మం ఆవిడది. నిండా మునిగి తీసుకోవాలని ఎన్నాళ్ళ కోరికో. వచ్చే నెల గుండె వాల్వ్ ఆపరేషన్. ఆలోపే అయిపోవాలంటున్నారు. నది గడ్డకట్టి ఉంది. ఊళ్ళో ఒక చర్చిలో కట్టిన తొట్టి ఉంది కానీ దాని మెట్లు ఆవిడ ఎక్కలేరు.

"ఇంట్లో బాత్‌టబ్ సరిపోదా?" అన్నాను.

"సంఘమంతా చూడాలమ్మా. సాక్షులు లేకుండా ఎట్టా?" అన్నారు. అంతటితో ఆగకుండా, "ఒక రైతు పాత ట్యాంకు ఊరికే ఇస్తానన్నాడు. శుభ్రంగా కడిగితే సరిపోద్ది గదా?" అని అడిగారు.

"ఇంతకుముందు అందులో ఏముండేది?"

"కలుపుమందనుకుంటా."

నాకు ఒళ్ళు మండింది. పాలీ, అంటే ప్లాస్టిక్ ట్యాంకు గోడలు మందుల్ని కొంత పీల్చుకుంటాయి. ఎంత కడిగినా పూర్తిగా పోవు. "ఆ నీళ్ళలో ముంచితే ఆవిడకి ఆపరేషన్ దాకా ఆగే పనుండదంకుల్" అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది.

మర్నాడు వాళ్ళు ఆరాధన జరుపుకునే హాలు చూడటానికి వెళ్ళాను. బట్టల షాపు మీద, రెండో అంతస్తులో ఉంది. లిఫ్ట్ ఉంది కానీ నేల పాత చెక్కది. లీటరు నీళ్ళంటే కిలో బరువు. మనిషి ఎత్తు ట్యాంకు నింపితే కింద షాపు వాళ్ళకే బాప్తిస్మం అయిపోతుందని అంకుల్‌తో అన్నాను. పైగా అలాంటి ట్యాంకుకి గుండ్రటి పైకప్పే గోడల్ని పట్టి ఉంచుతుంది. దాన్ని కోసేస్తే గోడలు ఉబ్బిపోతాయి.

"అసలు అంత ఎత్తెందుకు?" అని అడిగాను.

"మా ఊరి కాలవలో పాస్టర్ గారు నడుంలోతు నీళ్ళలో నిలబడి ముంచేవారమ్మా. నేనూ అట్టాగే తీసుకున్నా. కాలవంత లోతు నీళ్ళుండాలి, అవి ఒలక్కుండా తొట్టి ఇంకా ఎత్తుండాలి గదా."

ఆయన కొలత తెచ్చుకున్నది కాలవ నుంచి. దిగాల్సిన మనిషిని ఎవరూ కొలవలేదు. ఆ సాయంత్రమే అంకుల్‌ని వెంటబెట్టుకుని సుగుణమ్మ ఆంటీ ఇంటికి వెళ్ళాను.

"ఆంటీ, కాలు ఎంత ఎత్తు లేపగలరో ఒకసారి చూపిస్తారా?"

వాకర్ పట్టుకుని ప్రయత్నించారు. జానెడు కన్నా లేవలేదు. దాంతో ఎత్తు ట్యాంకులన్నీ నా మనసులోంచి పోయాయి. స్టాక్ ట్యాంక్ అని ఉంటుంది. పొలాల్లో పశువులకి నీళ్ళు పెట్టే తొట్టి, పొట్టిగా పొడవుగా కోలగా ఉంటుంది. అందులో కూర్చుని వెనక్కి వాలితే మునగడానికి కొద్ది నీళ్ళు చాలు. బరువు నేలమీద పరుచుకుంటుంది. ఆంటీ కూతురు, ఆస్పత్రిలో రోగుల్ని స్నానపు తొట్టిలోకి దించడానికి వాడే బల్లని గుర్తుచేసింది. తొట్టి అంచుకి ఆనించిన ఆ బల్లమీద కూర్చోబెడితే కాళ్ళు తను ఎత్తి లోపల పెట్టి, మెల్లగా నీళ్ళలోకి దింపుతానంది.

దేవదానం అంకుల్‌కి ఇది రుచించలేదు. "కూర్చుని తీసుకోవడమా? అదీ పశువుల తొట్టిలోనా?"

ఆంటీ ఫక్కున నవ్వారు. "ప్రభువు పుట్టినప్పుడు ఎందులో పడుకోబెట్టారయ్యా దేవదానం? ఆయనకి లేని నామోషీ నాకెందుకు? నిండా మునిగానా లేదా అనేది చూడు."

అంకుల్ కళ్ళు తుడుచుకుని, "ఎప్పుడు తెమ్మంటావమ్మా?" అని నన్ను అడిగారు.

తాగే నీళ్ళకి పనికొచ్చే రకం కొత్త తొట్టి తెప్పించాను. ఆ బిల్డింగ్ ఇంజనీర్ లెక్క చూసి దూలం మీదుగా పెట్టమన్నాడు. శనివారం నింపి, నేల ఎక్కడా కుంగలేదని చూసుకుని ఖాళీ చేశాం. ఆదివారం పొద్దున మళ్ళీ వేడినీళ్ళు కలిపి నింపాం. ఎవరో కుర్రాళ్ళు హీటర్ వేద్దామన్నారు. మనిషి దిగే నీళ్ళ దగ్గర కరెంటు మాటే వద్దని కసిరాను.

తెల్లచీరలో ఆంటీ నీళ్ళలో కూర్చున్నారు. పాస్టర్ గారు ఒక పక్క, కూతురు ఒక పక్క మోకాళ్ళ మీద కూర్చుని వీపు కింద చేతులు పెట్టారు. ఆవిడ వెనక్కి వాలారు. మొహం మీదుగా నీళ్ళు కలిసిపోయాయి. ఇన్నేళ్ళలో ఎన్ని ట్యాంకులు నింపించినా ఒక్కదానిలోకీ అంత ఆత్రంగా తొంగిచూడలేదు. మరుక్షణం ఆవిడ పైకి లేచారు, హాలంతా పాట అందుకుంది. ఆవిడ మొహం తుడుచుకుంటూ నాకోసం వెతికారు.

"రాధికమ్మా, నీళ్ళు హాయిగా ఉన్నాయే. ఇంక నాకు ఆపరేషన్‌ భయం లేదు."

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆంటీ ఇప్పుడు వాకర్ లేకుండా నడుస్తున్నారు.

ఆ తర్వాత నా పని తీరు మారింది. ఏ ద్రవం, ఎన్ని లీటర్లు అని అడిగేముందు, ఆ ట్యాంకు దగ్గరికి రోజూ వెళ్ళే మనిషెవరని అడుగుతున్నాను. మొన్న ఒక రైతు, తన భార్య వెళ్తుందనీ ఆవిడకి వేళ్ళ కీళ్ళు వాచి ఉంటాయనీ చెప్పాడు. గట్టిగా తిప్పాల్సిన వాల్వ్ బదులు మోచేత్తో నెట్టినా తెరుచుకునేది బిగించమన్నాను. బిగించిన రోజు ఆవిడ మోచేత్తో నెట్టింది, నీళ్ళొచ్చాయి. చిన్నపిల్లలా మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచింది.