చెరువు నడుమ మా బావ మిట్ట

మా జిల్లాలో ఈత మెరుగుపరుచుకోవాలనుకునేవాడికి ముందు కావలసింది నీళ్ళు. అవి ఎటూ దొరకవు కాబట్టి మిగతా సంగతులు ఎవరూ మాట్లాడరు. హిందూపురంలో మా వీధి కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో వాటిని వదిలేవాడికే తెలియదు. బిందెడు నీళ్ళ కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకునే ఊళ్ళో, ముప్పయ్యైదేళ్ళ మిల్లు గుమాస్తా ఒకడు ఈత పోటీకి తయారవుతున్నానంటే నవ్వక ఏం చేస్తారు? మా పక్కింటాయన నా మొహం మీదే అడిగేశాడు.

"ఏమబ్బా, తాగేకి నీళ్ళు ల్యాక సస్తాంటే నీకు ఈత కావాల్నా?"

నాకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం, ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

నిజానికి నాకు ఈత రాదని నేనెప్పుడూ అనుకోలేదు. మాది పెనుకొండ కొండ కింద పల్లె. చిన్నప్పుడు మా నాయన నా వీపుకు ఎండు సొరబుర్ర కట్టి, బావి గట్టు మీద నుంచి తోసేసేవాడు. మునిగి, ముక్కులోకి నీళ్ళు పోయి, పైకి తేలి, నాలుగు బారలు వేస్తే ఎదురుగా గోడ. రాళ్ళ సందులో వేళ్ళు దూర్చి పట్టుకుంటే ప్రాణం కుదుటపడేది. మా వైపు ఈతంటే అంతే. దూకడం, తేలడం, గోడ పట్టుకోవడం. ఎంత ఎత్తు నుంచి దూకాడు అన్నదాన్ని బట్టే మొనగాడు. ఎంత దూరం ఈదాడని అడిగినవాడు నాకు కనపడలేదు, బావిలో దూరమెక్కడిది? తొంభైలలో పొలం పొలానికీ బోరు పడి ఆ బావులూ ఎండిపోయాయి. నేను దూకిన బావిలో ఇప్పుడు పాత టైర్లు, కోడి ఈకలు ఉన్నాయి.

పరుగూ సైకిలూ మాత్రం నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. ఆదివారం వస్తే పెనుకొండ కొండెక్కి దిగేవాణ్ణి. హిందూపురం నుంచి ధర్మవరం దాకా సైకిలు తొక్కి, టీ తాగి, వెనక్కి వచ్చేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన తర్వాత, మా మిల్లులో మిషన్లు బాగుచేయడానికి బెంగళూరు నుంచి వచ్చే మెకానిక్ ఒకాయన నా పిచ్చి చూసి, ట్రయథ్లాన్ అని ఒక పోటీ ఉందని చెప్పాడు. ముందు చెరువులో ఈత, వెంటనే సైకిలు, వెంటనే పరుగు, మధ్యలో ఆగేది లేదు. "ఈత వచ్చా?" అని అడిగాడు. "రాకేం" అన్నాను. అబద్ధమాడలేదు, వచ్చనే అనుకున్నాను.

బెంగళూరు దాపున ఉన్న ఆ చెరువులో వందమందితో పాటు దిగాను. నాలుగు బారలు వేశాను. ఐదో బారకు నా చెయ్యి గోడ కోసం ముందుకు సాగింది. గోడ లేదు. పదో బారకూ లేదు. ఎవడి కాలో నా మూతికి తగిలింది. తల పైకెత్తి చూస్తే నాలుగు వైపులా నీళ్ళు. ఊపిరి పైపైనే ఆడుతోంది, లోపలికి దిగడం లేదు. "నాయనా!" అని అరిచానట, నాకు గుర్తు లేదు. పడవలో కాపలా ఉన్నాయన చంకల కింద చేతులు వేసి నన్ను లాగి, పడవలో తాళ్ళ మీద పడేశాడు. గట్టు మీద పెళ్ళాం బిడ్డలతో చూడ్డానికి వచ్చిన జనం ముందు నన్ను దించారు. ఒక ఆవిడ జాలిపడి నాకు బిస్కెట్టు ఇచ్చింది. ఆ బిస్కెట్టు నాకు ఈనాటికీ మింగుడు పడలేదు.

పడవాయన ఈత నేర్పే మాస్టరు. కన్నడంలో ఆయన అన్నదేమిటంటే, నువ్వు ఈదడం లేదు, గోడ వెతుకుతున్నావు అని. అంతకంటే సరైన మాట నా గురించి ఎవరూ అనలేదు.

అప్పటి నుంచి నాకు కావలసింది ఒకటే. మళ్ళీ అదే చెరువులో దిగి, చుట్టి వచ్చి, నా కాళ్ళ మీద నేను నడిచి గట్టెక్కాలి. అందరికన్నా ఆఖర్న వచ్చినా సరే. ఎవరూ నన్ను లాగకూడదు.

కొన్ని ఆదివారాలు తెల్లవారకముందే రైలెక్కి పోయి ఆ మాస్టరు దగ్గర ఈత కొలనులో నేర్చుకున్నాను. మొహం నీళ్ళలో పెట్టమన్నాడు. బావిలో మేము ఎప్పుడూ తల పైకి పెట్టి ఈదేవాళ్ళం, అందుకే కాళ్ళు కిందికి దిగిపోయేవి. ఊపిరి నీళ్ళలో వదలాలి, పైన పీల్చాలి. నేను లోపల బిగబట్టి, పైకొచ్చి వదిలి, పీల్చేలోపల మళ్ళీ మునిగేవాణ్ణి. ఇంత చిన్న సంగతి ముప్పయ్యైదేళ్ళు ఎవరూ చెప్పలేదే అని కోపం వచ్చింది. ఊపిరి కుదిరాక చేతులు వాటంతటవే సాగాయి. కానీ కొలనుకూ గోడలున్నాయి. నీకిక కావలసింది గోడల్లేని నీళ్ళు అని చెప్పి మాస్టరు నన్ను పంపేశాడు.

ఆ ఏడు వానలు పడ్డాయి. బుక్కపట్నం చెరువు నిండింది. మా అక్కను ఇచ్చింది ఆ ఊరే. మా బావ సేద్యగాడు, మాటకారి. చెరువు ఎండిన ఏళ్ళలో అందరిలాగే అతనూ చెరువు లోపల పంట పెట్టేవాడు. చెరువు నడుమ ఒక మిట్ట ఉండేది. పట్టా లేకపోయినా అది వాళ్ళ తాతల నాటి నుంచి వాళ్ళదేనని ఊరంతా ఒప్పుకునేది. అక్కడ పండిన అలసందలు నేను ఎన్నోసార్లు తిన్నాను. ఎండిన చెరువులో ఆ మిట్ట దాకా పరుగెత్తాను కూడా. "మా మిట్ట మీద ఇంతవరకూ ఎవనికీ పార పెట్టనీలేదు" అని చెప్పుకోవడం మా బావకు ఇష్టం.

మా ప్రాంతంవాళ్ళకు చెరువుతో ఉన్న చిక్కు ఇదే. నాలుగేళ్ళు దాన్ని నేలగా చూసి, ఐదో ఏడు నీళ్ళుగా చూస్తాం. నీళ్ళ మీద ఉన్నా మనసులో నేలే ఉంటుంది. ఇక్కడ గట్టు, అక్కడ కాలవ, ఆ తుమ్మ చెట్టు కాడ ఎత్తు అని లెక్కలు వేసుకుంటాం. కింద ఏముందో మాకు తెలుసునని మా ధైర్యం.

మొదటి ఆదివారం నేను మోకాలి లోతులో నిలబడి ముందుకు పోలేకపోయాను. మా బావ కట్ట మీద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"ఏమప్పా, నీళ్ళు చల్లగుండాయా, నీకు భయమైతాందా?" అన్నాడు.

"భయమే బావా" అన్నాను.

"నీళ్ళ పైన ఆ తుమ్మకొనలు కనపడ్తాండాయే, వాటి పక్కనే మన మిట్ట. నువ్వు సూసిందే కదా. రొమ్ము లోతు గూడ ఉండదు ఆడ. అలుపొస్తే నిలబడు. ఊపిరి తీసుకోని మళ్ళా పో."

ఆ మాటతో నాకు దారి దొరికింది. గోడ లేకపోయినా మిట్ట ఉంది. ఈదాను. వారం వారం హిందూపురం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, అక్క పెట్టిన సంగటి తిని పడుకుని, పొద్దున్నే చెరువులో దిగేవాణ్ణి. మధ్య మధ్య కళ్ళు మాత్రం పైకెత్తి తూము గదిని గుర్తుగా పెట్టుకుని, వంకర పోకుండా ఈదడం నేర్చుకున్నాను. గాలికి అలలు ఎడమ నుంచి వస్తే కుడివైపు ఊపిరి తీసుకున్నాను. గుండె దడ మొదలైతే వెల్లకిలా తిరిగి, ఆకాశం చూస్తూ, అది తగ్గేదాకా తేలాను. తుమ్మకొనల పక్కగా పోయేటప్పుడల్లా, కింద మిట్ట ఉంది, కావాలంటే నిలబడతాను అనుకునేవాణ్ణి. అవసరం పడలేదు. కొన్ని వారాలకు చెరువు నాకు ఇల్లంత చనువైంది. అంత సంతోషంగా నేను అంతకుముందెప్పుడూ లేను, ఇది దాచుకోవాల్సిన పని లేదు.

ఒక ఆదివారం గాలి ఎక్కువగా ఉంది. తుమ్మకొనల దగ్గరికి వచ్చేసరికి ఎడమ పిక్క పట్టేసింది. భయపడలేదు. మిట్ట ఉంది కదా అని తీరిగ్గా కాళ్ళు కిందికి వదిలాను, చావిట్లో మంచం దిగినట్టు. నేల తగల్లేదు. తగులుతుందన్న నమ్మకంతో నోరు మూసుకోలేదు కాబట్టి నీళ్ళు నేరుగా గొంతులోకి పోయాయి. ఇంకా కిందికి పోయాను. చీకటి. ఎప్పటికో కాళ్ళకు బురద తగిలింది, మెత్తగా, లోతుగా. తన్నుకుని పైకొచ్చి, చేతికి అందినదాన్ని పట్టుకున్నాను. అది తుమ్మ కొమ్మ. ముళ్ళు అరచేతుల్లో దిగినా వదల్లేదు. దగ్గుతూ, కక్కుతూ, అరుస్తూ వేలాడాను. పుట్టిలో వలలు వేస్తున్న చేపలాయన వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. మళ్ళీ ఇంకొకరి చేతుల మీదనే బయటికి వచ్చాను.

"ఇక్కడ మిట్ట ఉండాలే" అన్నాను ఊపిరి ఆడాక.

"యాడ మిట్టప్పా! ఎండాకాలం ట్రాక్టర్లు పెట్టి ఇటుకల బట్టీకి తోలుకపోయిరి. ఈడ ఇప్పుడు తాటిచెట్టు లోతు గుంత ఉండాది. మీ బావే కదా మట్టి ఇచ్చింది, నీకు చెప్పల్యా?"

తడి బట్టలతోనే ఇంటికి పోయాను. మా బావ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు, అక్క వడ్డిస్తోంది. నా చేతులు చూసి అక్క గిన్నె కింద పెట్టేసింది. మిట్ట మట్టి బట్టీకి ఇచ్చి నాకెందుకు చెప్పలేదని అడిగాను. మా బావ తడబడలేదు. నవ్వాడు.

"మిట్ట ల్యాదని చెప్పింటే దిగుతాంటివా నువ్వు? నిలబడచ్చు అంటేనే కదా ఇన్ని దినాలు ఈదింది! నేను చెప్పిన అబద్ధమే నీకు ఈత నేర్పిచ్చింది పోరా!"

ఆ మాట వినేసరికి ఒక్క నిమిషం నేనూ తికమకపడ్డాను. అవును కదా, వారాల తరబడి ఉత్త నీళ్ళ మీదే ఈదాను కదా అనిపించింది. అప్పుడు మా అక్క మెల్లగా అడిగింది.

"మన మిట్ట మట్టి నువ్వెప్పుడు ఇస్తివి?"

మా బావ అన్నం కలుపుతూనే ఉన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. నాకు ఈత నేర్పడానికి చెప్పిన అబద్ధం కాదది. పెళ్ళానికి చెప్పలేక, మిట్ట పోయిందని ఊళ్ళో తన నోటితో ఒప్పుకోలేక దాస్తున్న సంగతి. నేను మునిగి చచ్చినా సరే, ఆ మిట్ట మాత్రం నీళ్ళ కింద అట్లాగే ఉండాలి అతనికి. నాకు అసహ్యం వేసింది. అక్క పిలుస్తున్నా ఆగకుండా, సైకిలు అక్కడే వదిలేసి రోడ్డు మీదికి వచ్చి, ఏ బస్సో చూడకుండా ఎక్కాను. అది ధర్మవరం బస్సు. అక్కడ ఒక డాక్టరు నా చేతుల్లో ముళ్ళు తీస్తూ, చేనికి ముళ్ళకంప కొట్టడానికి పోయావా అని అడిగాడు. అవునన్నాను.

మా బావతో నాకు ఇప్పటికీ మాటల్లేవు. అతను మాత్రం బామ్మర్దికి ఉపాయంగా ఈత నేర్పిన కథ టీ అంగళ్ళలో చెప్పుకుంటూ మెప్పు పొందుతున్నాడని వింటుంటాను.

పోటీ రోజు వచ్చింది. చేతులు మానాయి, అక్క బస్సు మీద వేసి పంపిన సైకిలుతో నేను వెళ్ళాను. నడుము లోతు నీళ్ళలో అందరం విజిల్ కోసం నిలబడి ఉన్నాం. నా పక్కన ఒకాయన వణుకుతున్నాడు, చలికి కాదు. మాట కలిపితే అమరాపురం వైపు ఆయనని తెలిసింది. ఆయన మాట సగం కన్నడం, సగం తెలుగు. దూరంగా నీళ్ళ మీద తేలుతున్న ఎర్ర డ్రమ్మును చూపించాడు. దాన్ని చుట్టే మేము వెనక్కి రావాలి.

"అన్నా, నువ్వు పోయిన సారి వచ్చినావంట కదా. ఆ డ్రమ్ము కాడ కాళ్ళు ఆన్తాయా? నిలబడచ్చా?"

ఆయన కళ్ళలోకి చూస్తే ఆయనకు ఏం కావాలో నాకు బాగా తెలుస్తోంది. ఒక్క మాట చాలు.

"ఆనవు" అన్నాను. "చానా లోతు. నిలబడచ్చని ఎవరు చెప్పినా నమ్మొద్దు."

ఆయన నెత్తిన ఉన్న రబ్బరు టోపీ తీసి చేతిలో పట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ వెనక్కి గట్టు మీదికి నడిచిపోయాడు. విజిల్ పడింది.

ఈదాను. గోడ వెతకలేదు, నేల వెతకలేదు. డ్రమ్మును చుట్టి వచ్చి, చివరివాళ్ళలో ఒకడిగా, నా కాళ్ళ మీద నేను నడుచుకుంటూ గట్టెక్కాను. ఎవరూ లాగలేదు. చప్పట్లు కొట్టారు కూడా. సైకిళ్ళు నిలబెట్టిన చోటికి పరుగెత్తితే, ఆ అమరాపురం ఆయన పొడి బట్టలు వేసుకుని తన సైకిలు తీసుకుపోతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"లోతుండాదని నాకు చెప్తివే" అన్నాడు, కోపం లేకుండానే. "మళ్ళా నువ్వెట్ల పోతివన్నా?"

నాకు లోతు లేదని చెప్పినవాడు ఒకడున్నాడు. ఆ మాట ఆయనతో అనలేక, సైకిలెక్కి తొక్కుకుంటూ పోయాను.