గాయపడిన జింక వెనక మా బావగారు

నవంబరు, మూడో శుక్రవారం. ఇడ్లీ పిండి రుబ్బి పెట్టాను. రెండు విడతల బట్టలు ఉతికి మడతపెట్టాను. చలికి కరివేపాకు కుండీని లోపలికి తెచ్చాను. వెతకడానికి వెళ్లినవాళ్లు తీసుకొస్తారన్న ఆశతో బావగారి గదిలో దుప్పటి మార్చాను. పదకొండు దాటాక మా ఆయన ఎడారిలోంచి ఫోన్ చేసి, "అన్నయ్య దొరికాడు" అన్నారు. ఎలా ఉన్నారని అడిగాను. ఫోన్‌లో గాలి చప్పుడు మాత్రం వినబడింది.

బావగారు మా ఆయనకు అన్న. అరిజోనాకి రాగి గనిలో ఇంజనీరుగా వచ్చారు. గని మూతపడ్డాక ఎవరూ అనుకోని పనిలోకి దిగారు, వేట గైడు అయ్యారు. గోడకి తగిలించుకోదగ్గ పెద్ద కొమ్ముల మగజింక కోసం డబ్బున్నవాళ్లు వేరే రాష్ట్రాల నుంచి ఇక్కడి ఎడారి కొండలకు వస్తారు. ప్రభుత్వం లాటరీ తీసి ట్యాగులు, అంటే కొట్టిన జింకకి కట్టాల్సిన అనుమతి చీటీలు, ఇస్తుంది. ఒక ట్యాగుకి ఒక జింక. వచ్చినవాళ్లను కొండల్లోకి తీసుకెళ్లడం, జింకను వెతికి చూపించడం, కొట్టాక దాన్ని కిందికి మోసుకు రావడం గైడు పని. ఆయన తుపాకి పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. తెల్లవారకముందే కొండ మీదికెక్కి, మూడు కాళ్ల స్టాండు మీద బైనాక్యులర్స్ పెట్టుకుని కూర్చునేవారు. ఒక్క కొండవాలు చూడటానికి సగం పూట పట్టేది. "కదిలేదాని కోసం చూడకూడదమ్మా. పొదలన్నీ నిలువుగా ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా గీత కనబడితే అది జింక వీపు" అని నాకు చెప్పారు. ఆ మాట విన్నాక మా పెరట్లోని పొదల్ని కూడా నేను మామూలుగా చూడలేకపోయాను.

ఆయన భార్య, మా అక్కయ్య, పోయాక మా ఇంట్లోనే ఉన్నారు. మేం మాంసం వండం. ఆయన తినేవారు. నా ఫ్రిజ్‌లో పెట్టడానికి వీల్లేదని మొదటి రోజే చెప్పాను. "నీ ఫ్రిజ్ జోలికి రానమ్మా" అని నవ్వి, గ్యారేజీలో వేరే ఫ్రీజర్ పెట్టుకున్నారు. ఎడారికి మాత్రం నేను కలిపిచ్చిన పెరుగన్నమే పట్టుకెళ్లేవారు. తిరిగొచ్చాక గ్యారేజీ మెట్టు మీద కూర్చుని, బూట్లకీ ప్యాంటుకీ గుచ్చుకున్న జెముడు ముళ్లను దువ్వెనతో లాగి పడేసేవారు. చేత్తో తీయబోతే ముళ్లు చేతికి అంటుకుంటాయట. ముళ్లన్నీ డబ్బాలో వేసి, నేల ఊడ్చి, అప్పుడు ఇంట్లోకి వచ్చేవారు. ఇన్నేళ్లలో నా కాలికి ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు.

మా తెలుగువాళ్ల పిక్నిక్కుల్లో ఆయన్ని ఆటపట్టించేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి ప్లేటు పట్టుకుని వచ్చి, "ఏమండీ, ఈ సీజన్లో ఎన్ని లేళ్లకు మోక్షం ఇప్పించారు?" అన్నాడు.

"నేను అడ్రస్ చూపిస్తానండి, అంతే" అన్నారు బావగారు. "మోక్షం వేరే డిపార్ట్‌మెంటు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. కానీ కారెక్కి ఊరు దాటాక అన్నారు, "చంపే పనిలో ఉన్నానని నాకు తెలుసమ్మా. అందుకే చివరిదాకా చూడాలి."

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. మా ఆయనకు ఓపిక లేదు, నాకు ధైర్యం లేదు. బావగారు నన్ను ఎడారి మట్టిరోడ్ల మీదికి తీసుకెళ్లారు. ఒక ఎండిపోయిన వాగులో ఇసుక తగలగానే నేను భయపడి బ్రేకు తొక్కాను. ట్రక్కు చక్రాలు సగం దాకా దిగిపోయాయి. ఆయన పార తీసి ఇసుక తవ్వుతూ, "ఇసుకలో ఆగకూడదు. మెల్లగానైనా సరే, పోతూనే ఉండాలి" అన్నారు. ఎండలో తవ్వించినందుకు సిగ్గుపడుతుంటే, "నువ్వూ ఒక పార పట్టుకో, సిగ్గు తగ్గుతుంది" అన్నారు. పట్టుకున్నాను. నిజంగానే తగ్గింది.

ఆయనతో వేటకి వచ్చేవాళ్లకి ఒక నియమం ఉండేది. బయలుదేరేముందే చెప్పేవారు. గుండు తగిలి నేల మీద రక్తం కనబడితే ఆ జింక నీదే. అది దొరికినా, దొరకకపోయినా నీ వేట అయిపోయింది. గాయపడినదాన్ని వదిలేసి ఇంకోదాన్ని చూపించను. చట్టం అలా అనదు, దొరకనిదానికి ట్యాగు వాడాల్సిన పని లేదు. అందుకే కొందరు ఆ మాట విని వేరే గైడు దగ్గరికి పోయేవారు.

చివరి ట్రిప్పు శాన్ రామన్ నుంచి వచ్చిన ఒక తెలుగబ్బాయితో. ముప్పై అయిదు దాటి ఉండవు, సొంత కంపెనీ ఉంది. పొద్దుగూకే వేళ పెద్ద కొమ్ముల జింకను కొట్టాడు. గుండు పొట్టలో తగిలింది. జింక పొదల్లోకి పోయింది. మర్నాడు ఉదయం బావగారు రక్తపు జాడ పట్టుకున్నారు. చుక్క కనబడినచోటల్లా పక్కనున్న కొమ్మకి ఆరెంజ్ టేపు ముక్క కట్టి, జాడ తొక్కకుండా పక్కగా నడవడం ఆయన పద్ధతి. వెనక్కి తిరిగి చూస్తే జింక ఎటు పోతోందో ఆ ముక్కల వరుస చెబుతుంది. మధ్యాహ్నానికి రక్తం ఆగిపోయింది. ఆ అబ్బాయి విసిగిపోయి ఇంకో జింకను చూపించమన్నాడు. ఈయన కుదరదన్నారు. అతను మోటెల్‌కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బావగారు నాకు ఫోన్ చేశారు. "పొట్టలో తగిలితే తొందరగా పోదమ్మా. ఎక్కడో పడుకుని బాధపడుతూ ఉంటుంది. రేపొక్క పూట చూసి వచ్చేస్తాను."

"గుండెకి స్టెంట్ వేయించుకుని ఏడాది కాలేదు బావగారూ. మీ తమ్ముణ్ణి పంపుతాను, ఆగండి."

"వాడు వచ్చి ఏం చేస్తాడు, జింకకి ఈమెయిల్ పెడతాడా?" అన్నారు. ఆయన గొంతు నేను చివరగా విన్నది అప్పుడే.

మర్నాడు రాత్రికి కూడా ఇంటికి రాలేదు. శుక్రవారం వెతకడానికి వెళ్లినవాళ్లకి ఒక తుమ్మలాంటి చెట్టు కింద, బండకి ఆనుకుని కూర్చున్నట్టే దొరికారు. గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. చేతిలో టేపు చుట్ట ఉంది.

దహనం అయ్యాక ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. అతని బ్యాగు బావగారి ట్రక్కులో ఉండిపోయింది. గ్యారేజీలో నిలబడి, "సారీ ఆంటీ. నేను ఇట్లా అవుతదని అనుకోలే" అన్నాడు. నీళ్లిచ్చాను. తాగాక చెప్పాడు, సీజన్ చివరి వీకెండ్‌కి ఇంకో గైడ్‌ని బుక్ చేసుకున్నాడని.

మా ఆయన ఆ బ్యాగుని అతని చేతికి ఇవ్వకుండా కింద పెట్టారు. "అన్నయ్య రూల్ చెప్పాడా నీకు?"

"చెప్పిండు అంకుల్. బట్ లీగల్‌గా నా ట్యాగ్ ఇంకా ఓపెన్. డీర్ రికవర్ కాలేదు కదా."

"రేపు మేం దాన్ని వెతకడానికి వెళ్తున్నాం. దొరికితే?"

"ఇన్ని రోజులైంది. కొయోటీలు, నక్కలు తినేసి ఉంటయి."

"కొమ్ములు తినవులే" అన్నారు మా ఆయన. "నీకు కావలసింది కొమ్ములే కదా."

ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది. బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. రాడనే అనుకున్నాను. అన్నగారు మధ్యలో వదిలిన పని పూర్తి చేయకపోతే మా ఆయనకు నిద్ర పట్టదని నాకు తెలుసు. జింక దొరికినా దాన్ని తనదని ఒప్పుకోవాల్సినవాడు లేకపోతే పని పూర్తి కాదని కూడా తెలుసు.

మర్నాడు మట్టిరోడ్డు చివర మా కంటే ముందే అతని కారు ఆగి ఉంది. లోపల పడుకున్నాడు. మమ్మల్ని చూసి దిగి, వెనక నడిచాడు.

టేపు ముక్కల వెంట వెళ్లాం. మొదట్లో దగ్గర దగ్గరగా ఉన్నాయి, తర్వాత దూరమయ్యాయి. చివరిది బావగారు ఆనుకున్న బండ పక్కనున్న కొమ్మకే ఉంది. మా ఆయన అక్కడ కాసేపు నిలబడ్డారు. అక్కడి నుంచి జాడ లేదు. ముగ్గురం విడివిడిగా, ఒకరికొకరు కనబడేంత దూరంలో, చిన్న గట్టు ఎక్కి అవతలికి దిగాం. అవతల పశువుల కోసం తవ్విన నీటి గుంట ఎండిపోయి ఉంది. నాకు ముందు వాసన వచ్చింది. చూసింది ఆ అబ్బాయి.

గుంట అంచున పడి ఉంది. పొట్ట భాగం లేదు. పక్కటెముకల మీద చర్మం తోలు సంచిలా ఎండిపోయింది. నోరు ఎండిన బురదలో కూరుకుని ఉంది. నీళ్ల కోసం వచ్చినట్టుంది. బావగారు కూర్చున్న బండ దగ్గర ఎవరైనా గట్టిగా పిలిస్తే ఇక్కడికి వినబడుతుంది. ఆ గట్టు ఒక్కటి ఎక్కి ఉంటే ఆయనకి కనబడేది.

ఆ అబ్బాయి కొంచెం దూరం పోయి వాంతి చేసుకున్నాడు. తిరిగొచ్చి, జేబులోంచి ట్యాగు తీశాడు. "ఇది కట్టేస్తే ఈ ఇయర్ అయిపోయినట్టే కదా అంకుల్" అన్నాడు.

అతను మోకాళ్ల మీద కూర్చుని కొమ్ము మొదట్లో ట్యాగు కట్టాడు. మొదటిసారి ముడి జారింది. మళ్లీ కట్టాడు. "కొమ్ములు మీ ఇంట్ల పెట్టుకోండి ఆంటీ, పెద్ద అంకుల్ గుర్తుగా" అన్నాడు.

"మాకెందుకయ్యా. నువ్వు కొట్టావు, నువ్వే మొయ్యి" అన్నాను.

మా ఆయన రంపం ఇచ్చారు. మెడ దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. వేరే వేటగాళ్లు పొరపాటున కాల్చకుండా, మా ఆయన తన ఆరెంజ్ టోపీ తీసి కొమ్ములకి కట్టారు. ఆ అబ్బాయి తలను భుజం మీద పెట్టుకుని, వాసనకి ముఖం పక్కకి తిప్పుకుని ముందు నడిచాడు. పొదలు ఎత్తుగా ఉన్నచోట అతను కనబడలేదు. కొమ్ములు మాత్రం ఊగుతూ, ఆగుతూ, మళ్లీ ఊగుతూ పోయాయి. ఒక మగజింక మా ముందు దారి చూసుకుంటూ నడిచి వెళ్తున్నట్టే ఉంది.

బావగారి ట్రిప్పుల లెక్కలు మొదటినుంచీ రాసింది నేనే. ఇంటికి వచ్చి స్నానం చేసి, లెక్కల పుస్తకంలో ఆ ట్రిప్పు ఎదురుగా ఖాళీగా ఉన్నచోట రాశాను: జింక దొరికింది. ట్యాగు కట్టారు. బావగారి బాకీ తీరింది.