ఏడో నెల గాజులు

మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో నేను ఎక్కి దిగని గడప లేదు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకోవడమే నా బతుకు. మా అత్తకు కాళ్ళు సహకరించని రోజు నుంచి ఆమె మలారం నాకొచ్చింది, ఆమె వాడుక ఇళ్ళూ నాకే వచ్చాయి.

ఆ వాడుక ఇళ్ళలో ఒక రైతు ఇంటి పెద్దమ్మ ఉండేది. నన్ను ఆమె సతాయించినంతగా ఇంకెవరూ సతాయించలేదు. ఎర్రవి చూపిస్తే పచ్చవి అడిగేది, పచ్చవి తీస్తే వీటికంటే ఎర్రవే నయమనేది. ఒక గాజు కొసరు ఇస్తే రెండోది లాక్కునేది. లోపల తిట్టుకుంటూనే ఏ పండక్కీ ఆ ఇల్లు వదిలేదాన్ని కాదు. ఆమె అరుగు మీద నేను మలారం దించితే చాలు, వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చేరేవాళ్ళు. భర్త పోయాక ఆమె చేతులు బోసిపోయాయి. అయినా కోడలి కోసం నన్ను పిలవడం మానలేదు, బేరమూ మానలేదు.

తర్వాత పెద్ద యుద్ధం వచ్చింది. వానల్లేక చేలు ఎండిపోయిన మా పక్క ఊళ్ళలో చాలామంది కుర్రవాళ్ళు పట్టాళంలో చేరారు. పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకూ చేరాడు. మధ్యలో ఒకసారి సెలవు మీద వచ్చి, కొన్నాళ్ళుండి వెళ్ళిపోయాడు. కోడలు నీళ్ళోసుకుంది. అంతకు ముందు రెండుసార్లు ఆ పిల్లకు కడుపు నిలవలేదు.

ఏడో నెల వచ్చిందని తెలిసి, దొరికినంతలో మంచి ఆకుపచ్చ గాజులు తీసుకుని పోయాను. పెద్దమ్మ ఇంటి దగ్గర కాకుండా ఊరి బయట, జొన్నచేను గట్టు మీదే నన్ను ఆపింది.

"ఏమ్మే, కోడలికి రెండు చేతులకూ నిండుగా తొడగాల" అంది.

"అట్లనే పెద్దమ్మా. పేరంటం ఎప్పుడు పెట్టుకున్నారు?"

"పేరంటం లేదు. ఎవుర్నీ పిలవడం లేదు. నువ్వొక్కదానివే వచ్చి తొడిగిపో."

నాకు ఒళ్ళు మండింది. ఇంత పొలం ఉంది, ఐదుగురు ముత్తయిదువలకు తాంబూలం ఇవ్వడానికి కూడా ఈమెకు చేతులు రావా అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. "ఏంది పెద్దమ్మా, కోడలి ముచ్చటకు కూడా బేరమేనా?" అని ముఖం మీదే అడిగాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "నా కొడుకు లేడమ్మే" అంది.

పామూరు పక్క మనిషి ఒకడు ఆమె కొడుకుతో పాటే పట్టాళంలో ఉన్నాడట. సెలవు మీద వచ్చి, చేలో ఉన్న ఆమెను వెతుక్కుని, ఆ కబురు చెప్పి పోయాడట. అప్పటికి నెల దాటింది.

"ఈ పిల్లకు తెలిస్తే ఈ కడుపూ నిలబడదు. నా బిడ్డది ఇంక మిగిలింది అదొక్కటే. కాన్పయ్యేదాకా దాని చెవిన పడకూడదు. ఊళ్ళో ఒకరిద్దరికి తెలిసినట్టుంది, పేరంటం పెడితే ఎవురి నోరు జారుతుందో. గాజులు తొడిగించకపోతేనేమో దానికి అనుమానం వస్తాది. నువ్వెందుకు రాలేదని ఇప్పటికే అడుగుతా ఉంది. నువ్వు తొడుగు, నోరు కట్టేసుకో. నేనడిగేది అంతే."

తెలిసి తెలిసి భర్త లేని చేతికి గాజులు తొడిగానని బయటపడితే, ఆ చుట్టుపక్కల ఏ ఇల్లాలూ మళ్ళీ నాకు చెయ్యి చాపదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "నీ ఇష్టమొచ్చినంత తీసుకో" అంది. ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నాకు భయమేసింది, ఏడుపూ వచ్చింది. కాదనలేకపోయాను.

వీధిలో వాళ్ళు చేరకుండా అరుగు మీద కాక ఇంటి లోపలే చాప వేశారు, కోడలు వచ్చి కూర్చుంది. ముఖమంతా సంబరం. పెద్దమ్మ చూడలేక కాబోలు, వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ పిల్ల చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు మెల్లగా నొక్కుతూ ఒక్కొక్క గాజే ఎక్కించాను. ఆమె ఊరుకోకుండా మాట్లాడుతూనే ఉంది. కాన్పుకైనా ఆయనకు సెలవిస్తారో లేదో అంది, కొడుకు పుడితే ఆయన పోలికే రావాలంది. నేను ఊ కొడుతూ పోయాను. ఒక్క గాజైనా చిట్లకూడదని మాత్రం దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

చివరి గాజు ఎక్కాక ఆ పిల్ల మలారాన్ని తాకి కళ్ళకద్దుకుని, నా ముందు తల వంచింది. అది మాలో పద్ధతి. గాజులు తొడిగిన మనిషి తల మీద చెయ్యి పెట్టి, పసుపు కుంకుమలతో చల్లగా ఉండమని దీవించాలి. పసిపిల్లకు తొడిగినా, పండు ముత్తయిదువకు తొడిగినా ఆ మాట అనకుండా లేచేది లేదు. రోజంతా అదే మాట అనీ అనీ నిద్రలో కూడా అనేదాన్నని నా మొగుడు ఎగతాళి చేసేవాడు.

తల మీద చెయ్యి పెట్టాను. మాట రాలేదు. అబద్ధానికి జంకే మనిషిని కాను. నాసిరకం గాజును మేలురకమని రోజూ చెప్పి అమ్మేదాన్నే. కానీ ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ఆ మాటంటే అది దీవెన కాదు, తిట్టు అవుతుందనిపించింది. పెద్దమ్మ అడిగినట్టే నా నోరు కట్టేసినట్టయింది, ఆమె అడగని చోట.

ఆ పిల్ల వంచిన తల అలాగే ఉంచి దీవెన కోసం ఎదురుచూసింది. తర్వాత మెల్లగా తలెత్తి నా ముఖం చూసింది. ఒక చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది.

"అత్త సరిగ్గా అన్నం తినక నెల దాటిందక్కా" అంది. "అప్పుడేనా?"

నేను తల దించుకున్నాను.

వంటింట్లోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఏమ్మే, అయిపోయినాయా? దీవించినావా నా కోడల్ని?"

"దీవించింది అత్తా" అని కోడలే బదులు చెప్పింది. నా వైపు వంగి, "నాకు తెలిసిందని అత్తకు తెలీనీయొద్దక్కా. నేనన్నా బాగున్నానని ఆమె బతుకుతా ఉంది" అంది.

నేను మలారం ఎత్తుకుని, ఇచ్చిన జొన్నలు కొంగులో పోయించుకుని బయటపడ్డాను. దారిలో పట్టాళాన్ని తిట్టాను, వానను తిట్టాను, నన్ను ఈ పనికి పెట్టిన పెద్దమ్మను తిట్టాను. తిట్టిన కొద్దీ ఏడుపు ఎక్కువైంది.

కాన్పు సుఖంగానే అయింది, మగబిడ్డ. పురుడు వెళ్ళాక కోడలికి సంగతి చెప్పారని, జరగాల్సిన తంతు జరిపించారని విన్నాను. ఆ ఊరి మీదుగా పోతుంటే పెద్దమ్మ పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మనిషి సగమై ఉంది. కోడలు బోసిచేతులతో గుమ్మం లోపల బిడ్డను పట్టుకుని కూర్చుంది.

"నీ పుణ్యమేనమ్మే" అంది పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని. "నువ్వు నోరు జారుంటే ఈ మనవడు నాకు దక్కేవాడు కాదు. ఒక్క పూటన్నా దానికి అనుమానం రానీలేదు. పిచ్చిది, కాన్పయ్యేదాకా నవ్వుతానే తిరిగింది."

లోపల్నుంచి కోడలు నన్నే చూస్తోంది.

"అవును పెద్దమ్మా" అన్నాను.