ఏలూరులో ఐదో రౌండు

ఏలూరు కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో, అక్కడ జరగబోయే ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీల్లో ప్రధాన బౌటుకు నన్ను రిఫరీగా నియమించారు. అప్పటికి నేను తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుని. పదవీ విరమణ దగ్గరపడింది. వయసులో ఉండగా రాష్ట్ర స్థాయి వరకు బాక్సింగ్ ఆడాను. ఆ తరవాత రిఫరీ పరీక్షలు రాసి ముందు అమెచ్యూర్ పోటీలకు, చివరి సంవత్సరాల్లో ప్రొఫెషనల్ పోటీలకు లైసెన్సు తెచ్చుకున్నాను. విశాఖపట్నంలో, హైదరాబాదులో, బెంగుళూరులో బౌట్లు చేశాను. మావైపు చేసింది ఆ ఒక్కటే.

అమెచ్యూర్‌కి, ప్రొఫెషనల్‌కి తేడా ఏమిటని మా కాలేజీలో చాలామంది అడిగేవారు. అమెచ్యూర్‌లో మూడు రౌండ్లు, ఒంటి మీద బనీను, గెలిస్తే పతకం, అదృష్టం బాగుంటే ప్రభుత్వోద్యోగం. ప్రొఫెషనల్‌లో బనీను ఉండదు. గ్లవ్స్ పల్చన, రౌండ్లు ఎక్కువ, రాబడి అంతా టిక్కెట్ల మీదే. పతకం తెచ్చినవాళ్ల పేర్లు మన ఇళ్లలో అందరికీ తెలుసు. ప్రొఫెషనల్ బాక్సర్ల పేర్లు ఎవరికీ తెలియవు. మన దేశంలో ఈ పోటీలు ఎక్కువగా హోటల్ హాళ్లలో జరుగుతాయి. కుర్చీల్లో సగం మంది బాక్సర్ల చుట్టాలే. ఒక పోటీ నిలబడాలంటే సొంతంగా జనాన్ని తెచ్చుకోగలిగినవాడు ఒకడుండాలి. ఏలూరు పోటీకి ఆ ఒకడు ప్రభుదాసు.

దాసుది కలిదిండి దగ్గర ఒక ఊరు. తండ్రి చేపల చెరువులకి మేత వేసే పని చేసేవాడు. దాసు కూడా చిన్నప్పటి నుంచి వల లాగినవాడే. నడుం లోతు చెరువులో నిలబడి నీళ్లలో గుద్దులు విసిరే వీడియో ఒకటి ఫోన్లలో తిరిగి, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో కుర్రాళ్లందరికీ వాడు సొంత మనిషైపోయాడు. అప్పటిదాకా ఓటమి లేదు. ఎదుగుతున్న బాక్సరుకి మొదట్లో బలహీనమైన ప్రత్యర్థుల్ని ఏరి పెట్టడం ఈ వృత్తిలో మామూలే. అందులో నియమభంగం ఏమీ లేదు. అభిమానులకి మాత్రం గెలుపులే కనపడతాయి.

పోటీకి వారం ముందు దాసుతో తలపడాల్సిన ఉత్తరాది బాక్సరు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాడికి బదులు అత్తిలి నుంచి వీర్రాజుని పిలిపించారు. ముప్పై దాటిన మనిషి, రైసుమిల్లులో పని. కబురొస్తే వచ్చి ఆడి, పాయింట్ల మీద ఓడి, మళ్లీ మిల్లుకి పోయేవాడు. అలాంటివాళ్లు లేకపోతే ఈ ఆట ఒక్క నెల కూడా నడవదు. ఇద్దరూ నాకు ముఖపరిచయమే. ఆ సంగతి ముందుగానే బాక్సింగ్ సంఘం తరఫున పోటీ చూసుకునే సూపర్‌వైజరుకి చెప్పాను. అభ్యంతరం లేదన్నాడు.

బౌటుకి ముందురోజు తూకం వేస్తారు. దాసు ఆలస్యంగా వచ్చాడు. పెదవులు పగిలి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. బరువు తగ్గడానికి నీళ్లు మానేశాడని చూడగానే తెలిసింది. మొదటిసారి కొద్దిగా ఎక్కువొచ్చి, కాసేపు గెంతి చెమట పోశాక రెండోసారి సరిపోయాడు. రింగు పక్కన ఉండాల్సిన వైద్యురాలు సుగుణ గారు నన్ను పక్కకి పిలిచి, రూలు ప్రకారం ఆపడానికి తనకి ఆధారం లేదనీ, రేపు వాణ్ణి కాస్త కనిపెట్టి చూడమనీ చెప్పారు. తలకి దెబ్బ తగిలినప్పుడు ఒంట్లో నీరు తక్కువగా ఉంటే ప్రమాదం పెద్దదవుతుంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కుదురు లేదు.

మర్నాడు సాయంత్రం పెళ్లిళ్లు జరిగే ఒక పెద్ద ఫంక్షన్ హాల్లో రింగు వేశారు. చేపల పెట్టెలు మోసే వ్యాన్లలో జనం దిగారు. ముందు జరిగిన చిన్న బౌట్లని ఎవరూ చూడలేదు. దాసు నడిచొచ్చి రింగెక్కాక మాత్రం నేను బాక్సర్లకి చెప్పే చివరి సూచనలు నాకే వినపడలేదు.

బౌటు ఎనిమిది రౌండ్లది. మొదటి నాలుగూ దాసువే. వీర్రాజు మోచేతులు దగ్గర పెట్టుకుని, తల తప్పిస్తూ, అలవాటైన పని చేసుకుపోతున్నట్టు ఆడాడు. ఐదో రౌండులో జనం నాకౌట్ కావాలని అరవడం మొదలుపెట్టారు. దాసు ఆ అరుపులకి కుడి చెయ్యి దించేసి మీదికి వెళ్లాడు. వీర్రాజు ఎడమ చేత్తో పక్క నుంచి విసిరిన హుక్ దవడ వెనక, చెవి కింద తగిలింది. దాసు కూర్చున్నట్టుగా కిందపడ్డాడు.

వీర్రాజుని దూరపు మూలకి పంపి లెక్క మొదలుపెట్టాను. దాసు లేచాడు. లేచినా ఎనిమిది దాకా లెక్కపెట్టాల్సిందే. ఆ తరవాత బాక్సరు రెండు గ్లవ్సూ పట్టుకుని, కళ్లలోకి చూసి, ఒకటి రెండు ప్రశ్నలడిగి, ఆడించాలో ఆపాలో రిఫరీ తేల్చాలి. దానికి దొరికే వ్యవధి ఒక ఊపిరి. ఎలా ఉందని అడిగాను.

“బాగున్నానండి.”

ఇది ఎన్నో రౌండని అడిగాను.

“బాగున్నానండి.”

కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి, కాని నన్ను చూడటం లేదు. నా వెనక ఎక్కడో చాలా దూరంగా ఉన్నదాన్ని చూస్తున్నాయి. నేను రెండు చేతులూ ఊపి బౌటు ఆపేశాను. సరిగ్గా అప్పుడే దాసు నవ్వి, చేతులు పైకెత్తాడు.

హాలంతా చూసింది ఆ నవ్వునే. నీళ్ల సీసాలు రింగులో పడ్డాయి. పోటీ నిర్వాహకుడు, ఏలూరులో రొయ్యల మేత వ్యాపారి, తాళ్ల దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

“మాస్టారూ, కుర్రాడు నవ్వుతున్నాడండి. ఇంకొక్క నిమిషం ఆడనివ్వండి.”

ఇచ్చిన నిర్ణయం వెనక్కి తీసుకునే అధికారం నాకే లేదని చెప్పాను. నేను వీర్రాజు చెయ్యి పైకెత్తాను. రిఫరీ ఆపిన బౌటు కాబట్టి టెక్నికల్ నాకౌట్ మీద గెలిచినట్టు మైకులో ప్రకటించారు. ఎవరూ వినలేదు. పోలీసులు నన్నూ వీర్రాజునీ వంటశాల పక్క గదిలో కూర్చోబెట్టారు. వీర్రాజు గ్లవ్స్ విప్పించుకుంటూ, “తగిలాక నాకు భయమేసిందండి. మీరు ఆపకపోతే ఎలాగా అనుకున్నాను,” అన్నాడు. ఆ రోజు నా పక్షాన మాట్లాడింది ఆ ఒక్కడే. అదీ మూసిన గదిలో.

దాసుని ఆస్పత్రికి తీసుకెళ్లి తలకి స్కాన్ తీశారు. అందులో ఏమీ కనపడలేదు. ఆ సంగతి తెలిశాక నా మీద కోపం రెట్టింపయింది. హాల్లో తీసిన వీడియోలు జిల్లా అంతా తిరిగాయి. అన్నింట్లోనూ దాసు లేవడం, నవ్వడం కనపడతాయి. ఆ రెండింటికీ మధ్య వాడి ముఖానికి నా వీపు అడ్డం. నేను చూసింది ఏ ఫోనూ చూడలేదు. వాడి జవాబు ఆ గోలలో ఏ మైకుకీ అందలేదు.

మావైపు జనం కోపంలో కూడా మర్యాద వదలరు. తాడేపల్లిగూడెంలో నేను రోజూ టీ తాగే చోట కొట్టతను గ్లాసు అందిస్తూ, “ఎంత ముట్టిందండి మాస్టారూ?” అని నెమ్మదిగా అడిగాడు. నేను కూడా అంత నెమ్మదిగానే ఏమీ ముట్టలేదని చెప్పి, టీ తాగి వచ్చేశాను. కాలేజీలో ప్రిన్సిపాల్ గారు పిల్లల ముందు ఈ ప్రస్తావన రాకుండా చూసుకోమన్నారు. నిర్వాహకుడు బాక్సింగ్ సంఘానికి ఫిర్యాదు పెట్టాడు. విచారణ చేసినవాళ్లు నిర్ణయం రిఫరీ విచక్షణకి లోబడినదని రాశారు. తప్పని అనలేదు, ఒప్పనీ అనలేదు.

ఆ వేసవి నాకు నిద్ర సరిగా లేదు. ఆ వీడియోలు మళ్లీ మళ్లీ చూసేవాణ్ణి. చూసే కొద్దీ నేను విన్న జవాబు మీద నాకే అనుమానం మొదలైంది. ఆ గోలకి నా ప్రశ్న వాడికి వినపడలేదేమో. కళ్లు అలసటకి అలా ఉన్నాయేమో.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం దాసు ఒక్కడే మోటారు సైకిల్ మీద మా ఇంటికొచ్చాడు. లోపలికి వచ్చాక గాని హెల్మెట్ తియ్యలేదు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్లింది. వాడు గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

“ఒక సంగతి అడుగుదామని వచ్చానండి. ఆ రోజు మీరు నన్నేమడిగారు?”

చెప్పాను.

“నేనేమన్నానండి?”

అదీ చెప్పాను. వాడు గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“నాకు అదేం గుర్తు లేదండి. హాల్లోకి నడిచొచ్చింది గుర్తుంది. మళ్లీ అంబులెన్సులో అమ్మ ఏడుస్తా ఉంది. మధ్యలోదంతా ఫోన్లో చూసిందేనండి. నేను గెలిచిన రౌండ్లు కూడా నాకు లేవు.”

ముందు నాకు ఊరట కలిగింది. నేను విన్నది నిజమే. ఆ ఊరట ఎక్కువసేపు నిలవలేదు. వాడు చెప్పుకుంటూ పోయాడు. తల నొప్పి తగ్గలేదు. ఎండలో చెరువు గట్టు మీద నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. నాకౌటైన బాక్సరుని కొంతకాలం ఆడకుండా నిలిపేస్తారు. ఆ గడువు అయిపోవస్తోంది. బెంగుళూరులో తరవాతి బౌటు ఖాయమైంది. డాక్టర్లకి వాడు ఏమీ చెప్పలేదు.

ఈ మాట సుగుణ గారికి నువ్వు చెప్తావా, నేను చెప్పనా అని అడిగాను.

“మిమ్మల్ని నమ్మి చెప్పానండి.”

అందుకే నీ ఎదురుగా అడుగుతున్నాను, నీ వెనక చెయ్యను అన్నాను.

వాడి గొంతు పెరగలేదు. తల వంచుకునే మాట్లాడాడు. “చెప్తే ఏడాది కూర్చోబెడతారండి. ఏడాది కనపడకపోతే జనం ఇంకోణ్ణి చూసుకుంటారు. దాసు ఎవడని అడుగుతారు. పతకం వచ్చినోడికి పతకమన్నా ఉంటది. నాకు ఆ జనమే కదండీ ఉంది.”

వాడన్నది నిజం. అయినా సుగుణ గారి నంబరు కలిపి, స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఉంచాను. ఆవిడ ఎత్తి రెండుసార్లు ఎవరండీ అని అడిగారు. నేను ఫోను దాసు వైపు జరిపాను. ఇంకొక్కసారి అడిగితే నేనే చెప్పేసేవాణ్ణి.

“డాక్టరు గారూ, నేను దాసునండి,” అన్నాడు.

ఆవిడ వాణ్ణి విజయవాడలో నరాల వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన పరీక్షలు చేసి ఏడాది పాటు ఆడకూడదన్నారు. కారణం బయటపెట్టడం వైద్య గోప్యత రీత్యా ఎవరి వల్లా కాదు. దాసు కూడా చెప్పుకోలేదు. ఆ ఏడాది నిషేధం వెనక కూడా నేనే ఉన్నానని, పగబట్టానని కలిదిండి వైపు అనుకున్నారు. సగం నిజమే కాబట్టి నేను ఖండించలేదు. మరుసటి సంవత్సరం నేను కాలేజీ నుంచీ రింగు నుంచీ రిటైరయ్యాను.

గడువు తీరాక దాసు హైదరాబాదులో ఒక హోటల్ హాల్లో ఆడాడు. నేను ఫోన్లో చూశాను. కుడి చెయ్యి ఒక్కసారి కూడా దించలేదు. పాయింట్ల మీద గెలిచాడు. కొల్లేరు నుంచి వ్యాన్లేవీ వెళ్లలేదు. అప్పటికి ఆ ఊళ్ల కుర్రాళ్లు ఇంకో జిల్లా బాక్సరు వీడియోలు పంచుకుంటున్నారు. ఇప్పుడు దాసు పేరు పోస్టరు మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకసారి ఏలూరు బస్టాండులో ఎదురుపడి దూరం నుంచే నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఇద్దరం ఆగలేదు. ఏలూరులో మళ్లీ ప్రొఫెషనల్ పోటీ జరగలేదు.

కొత్త రిఫరీల శిక్షణకి నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. బౌటు ఆపడం సరైనదో కాదో తరవాత రుజువవుతుందని ఎదురుచూడొద్దని చెబుతాను. చాలా మటుకు రుజువు కాదు. సకాలంలో ఆపితే స్కాన్‌లో ఏమీ ఉండదు, ఏమీ లేకపోతే ఎందుకు ఆపావని అడుగుతారు. నాకు రుజువు దొరికింది కేవలం దాసు వచ్చి చెప్పడం వల్ల. అది కూడా అప్పట్లో బయట చెప్పుకోదగ్గది కాదు. ఇంకొకటి కూడా చెబుతాను. బాక్సరు తల గురించి రిఫరీకి ఎక్కడ, ఎవరి ద్వారా తెలిసినా, అది డాక్టరుకి చేరే వరకు ఆ బౌటు పని ముగిసినట్టు కాదు.