ముక్కులోంచి చేసే ఆపరేషన్‌కు గుండు ఎందుకు?

ఉదయగిరి వైపు నుంచి తల ఆపరేషన్‌కని మద్రాసు వెళ్ళేవాళ్ళు నన్ను దారి అడుగుతుంటారు. తొంభైల చివర్లో మా అక్కను తీసుకెళ్ళినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. కోపంగానే చెబుతాను. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు.

అక్క స్కూలు టీచరు. మా బాప్టిస్టు చర్చిలో పాటలకు ముందు నిలబడేది ఆమే. ఉన్నట్టుండి పక్కనుంచి వచ్చే సైకిళ్ళు కనబడక గుద్దుకోవడం మొదలైంది. నెల్లూరులో స్కానింగ్ తీస్తే, మెదడు కింద ముక్కు వెనకాల ఉండే పీయూష గ్రంథిలో గడ్డ ఉందనీ, అది కంటి నరాలను నొక్కుతోందనీ తేలింది. త్వరగా మద్రాసు వెళ్ళమన్నారు. కానీ మా పెద్దమామ రిపోర్టు పట్టుకుని ఆత్మకూరులో తనకు తెలిసిన ఒక డాక్టరు దగ్గరికి పోయాడు. తల ఆపరేషనంటే గుండు తప్పదు, చేయించుకునే పొమ్మన్నాడట ఆ మహానుభావుడు. మా వాళ్ళకు అన్నీ ముందే సిద్ధం చేసుకుని పోవడం గొప్ప. సాయంత్రానికల్లా మంగలిని ఇంటికి పిలిపించారు. కొండాపురంలో ఉద్యోగం చేస్తున్న నేను శనివారం వచ్చేసరికి అంతా అయిపోయింది.

అద్దంలో చూసుకున్న అక్క, జుట్టు కాస్త వచ్చేదాకా గడప దాటనని కూర్చుంది. నేను ఎంత బతిమాలినా వినలేదు. "గడ్డ యాడికి పోతాదిలేరా, నిదానంగా పోదురు" అన్నాడు పెద్దమామ. అలా నెల దాటింది. ఒక ఆదివారం పాటల పుస్తకంలో అక్షరాలు కంటికి ఆనక అక్క భయపడిపోయింది. మర్నాడే బయల్దేరాం.

పొద్దున ఆరింటి బస్సెక్కితే ఎనిమిది దాటాక ఆత్మకూరులో దిగుతారు. బస్టాండు పక్కన ఇడ్లీ తింటుంటే అక్క తలమీది కొంగు జారింది. వడ్డించే ఆమె నవ్వుతూ, "తిరపతి నుంచా అమ్మా? పెసాదం ఉంటే రొంత పెట్టండి" అంది.

"మేము బాప్టిస్టులం. మొక్కులేం లేవు" అన్నాను కటువుగా.

"మరి ఆడమనిషికి గుండెందుకు కొట్టించినారు నాయనా?"

అక్క ఇడ్లీ వదిలేసి చెయ్యి కడుక్కుంది. అడిగినామె తప్పేముంది? చేయించినవాళ్ళను తిట్టుకుంటూ నెల్లూరు బస్సెక్కాను. అది గంటన్నర. అక్కణ్ణుంచి రైల్లో నాలుగ్గంటలు కూర్చుంటే సాయంత్రానికి మద్రాసు. ఆసుపత్రుల దగ్గర లాడ్జీల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారు, భయపడాల్సిన పని లేదు.

డాక్టరుకూ తెలుగు వచ్చు. అక్కను చూడగానే, "ఈ గుండు ఎవరు చేయమన్నారు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "ముక్కులోంచి సన్నని గొట్టం పంపి, దాని కొసనున్న లైటులో చూస్తూ గడ్డ తీస్తామండీ. ఒక్క వెంట్రుక కూడా తీయనక్కర్లేదు."

"చూపొస్తుందా సార్?"

"కుడి కన్ను మెరుగవుతుంది. ఎడమది చెప్పలేను, నరం బాగా నలిగింది. స్కానింగ్ తీసిన వారంలో వచ్చుంటే ఇంత నసిగేవాణ్ణి కాదు."

ఆయన అన్నట్టే జరిగింది. మొహం మీద గాటు లేదు, కనబడే కుట్టు లేదు. ముక్కులో దూది తీశాక, కొన్నాళ్ళు ముక్కు చీదవద్దని మాత్రం చెప్పి పంపారు. కుడి కన్ను తేటపడింది. ఎడమ కంటికి చూపు రాలేదు.

ఇంటికొచ్చాక పెద్దమామ పరామర్శకు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "జుట్టుదేముండాదమ్మా, మళ్ళా వస్తాది" అన్నాడు.

"ఈ పక్కకొచ్చి కూర్చో మామా" అంది అక్క. "ఆ పక్క నువ్వు నాకు కనపడవు."

ఆయన కుర్చీ ఎత్తుకుని ఇటు వచ్చాడు.

తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పేవాళ్ళ మీదా, అది విని ఆడదాని తలమీద కత్తి పెట్టించేవాళ్ళ మీదా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న కూడా ఒకాయన, "గుండు చేయించే తీసకపోవాల్నా?" అని అడిగాడు. అక్కర్లేదు. కావాలంటే జుట్టు ఆసుపత్రిలోనే తీస్తారు. స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చిన మర్నాడే మొదటి బస్సెక్కండి, దారిలో ఇంకెవరినీ సలహా అడక్కండి.